బాస్ చేప పడాలంటే ముందు ఏం తేల్చుకోవాలి: డాలస్ వైపు ఒడ్డు నుంచి గాలం వేసేవారికి సమగ్ర మార్గదర్శి

డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్, లిటిల్ ఎల్మ్ వైపు ఉండే మనవాళ్లు బాస్ చేపల గురించి మొదట అడిగేది "ఏ లూర్ (గాలానికి కట్టే కృత్రిమ ఎర) కొనాలి?" అని. ఆ వెంటనే అడిగేది "పక్కన నిలబడ్డాయనకు వరసగా పడుతున్నాయి, నాకెందుకు పడటం లేదు?" అని. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిది దానంతటదే తేలిపోతుంది.

ఆయన దగ్గరున్న లూర్ మీ పెట్టెలోనూ ఉండే ఉంటుంది. ఎక్కడ నిలబడాలి, ఎటు విసరాలి, ఎంత లోతులో లాగాలి, ఎంత నెమ్మదిగా లాగాలి, ఎప్పుడు చోటు మార్చాలి అనే ఐదు విషయాలు ఆయన సరిగ్గా తేల్చుకున్నాడు. లూర్, దాని రంగు ఆ తర్వాత వస్తాయి. ఈ వ్యాసం ఆ వరుసలోనే నడుస్తుంది. ఇది లార్జ్‌మౌత్ బాస్ గురించి, పడవ లేకుండా ఒడ్డు నుంచి వేసేవారి కోసం.

1. ఇంట్లోనే చేసుకోవాల్సిన పని

1.1 లైసెన్స్

టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు ఫిషింగ్ లైసెన్స్ కావాలి. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లోనే కొనుక్కోవచ్చు. మామూలు ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో గడువు తీరిపోతుంది. కొత్త ఏడాదివి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. అందుకని జూలైలో తొందరపడి ఏడాదిది కొనకండి. కొన్న రోజు నుంచి ఏడాది చెల్లేది, ఒక్క రోజుకే చెల్లేది కూడా ఉన్నాయి.

టెక్సాస్ స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీద నుంచి గానీ, పియర్ (నీళ్లలోకి కట్టిన వేదిక) మీద నుంచి గానీ గాలం వేస్తే లైసెన్స్ అక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుము కడితే చాలు. జో పూల్ లేక్ మీద సీడర్ హిల్ స్టేట్ పార్క్, రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఇష్టమో కాదో చూసుకుందామనుకునే స్నేహితులను తీసుకెళ్లేటప్పుడు ఇదే మంచి దారి.

బాస్‌కు రాష్ట్రమంతటా ఉన్న మామూలు పరిమితి రోజుకు 5 చేపలు. లార్జ్‌మౌత్ కనీసం 14 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి. కొన్ని లేకులకు వేరే నిబంధన ఉంటుంది. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను వదిలేయాల్సిందే. మీరు వెళ్లే లేక్ పేరుతో శాఖ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకుని బయల్దేరండి.

1.2 నీళ్ల అడుగున ఏముందో ముందే చూడండి

ఇంటి దగ్గర చేసే పనుల్లో నేను అన్నిటికన్నా విలువిచ్చేది దీనికే. టెక్సాస్‌లో 2011లో పెద్ద కరువొచ్చింది. తర్వాత కొన్నేళ్లు కూడా ఇక్కడి లేకుల మట్టాలు బాగా తగ్గాయి. అప్పటి ఉపగ్రహ చిత్రాలు గూగుల్ ఎర్త్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు నీళ్ల కింద ఉన్న పాత రోడ్లు, చెట్ల మొద్దులు, వాగు గట్లు, రాళ్ల కుప్పలు వాటిలో చాలాచోట్ల తేటగా కనిపిస్తాయి.

ఇలా చేయండి:

- కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి, మీ లేక్‌లో మీరు నడిచి చేరగలిగే ఒడ్డు దగ్గరికి వెళ్లండి.
- పాత చిత్రాలు చూపించే గడియారం గుర్తు నొక్కి, 2011 నుంచి 2014 వరకు ఒక్కో చిత్రం చూడండి. మట్టం అన్నిటికన్నా తక్కువగా ఉన్నది పట్టుకోండి.
- ఒడ్డు నుంచి 30 గజాల లోపు ఉన్న మొద్దులు, రాళ్లు, గుంటల అంచులకు పిన్నులు పెట్టండి. అంతకన్నా దూరానికి మామూలుగా మీ విసురు అందదు.
- ఆ పిన్నులను ఫోన్‌లోకి ఎక్కించుకోండి.

తర్వాత ఈ రోజు మట్టం చూడండి. లూయిస్‌విల్ లేక్ మామూలు మట్టం 522 అడుగులు, రే రాబర్ట్స్‌ది 632.5 అడుగులు (ఇది లోతు కాదు, సముద్ర మట్టం నుంచి లెక్క). లూయిస్‌విల్ ఇవాళ 519 అడుగుల దగ్గరుంటే, మామూలుగా 3 అడుగుల నీళ్లుండే చోటు ఎండి ఉంటుంది. 525 ఉంటే ఒడ్డున ఉండే పొదలు మునిగి ఉంటాయి, బాస్ ఆ పొదల్లోకే వచ్చి ఉంటుంది. పోయిన నెల పడిన చోటే మళ్లీ నిలబడటం చాలాసార్లు ఇందుకే దండగవుతుంది.

1.3 గాలి ఎటు వీస్తోంది

చాలామంది గాలికి వీపు పెట్టి నిలబడతారు. విసరడం సులువు, లూర్ దూరం వెళుతుంది. కానీ చేప అవతలి ఒడ్డున ఉంటుంది. గాలి నీటి పైపొరను తోసుకుంటూ పోతుంది, దాంతో ప్లాంక్టన్ పోతుంది, దాన్ని తినే షాడ్ చేప పిల్లలు పోతాయి, వాటి వెనక బాస్ పోతుంది. పైగా అలల వల్ల వెలుతురు చెదిరి, బాస్ బెరుకు లేకుండా ఒడ్డుకు దగ్గరగా వస్తుంది.

ఉత్తర టెక్సాస్‌లో వసంతం, వేసవి రోజుల్లో ఎక్కువగా దక్షిణపు గాలి వీస్తుంది. అంటే ఉత్తరపు ఒడ్డు చూసుకోవాలి. గాలి ముఖానికి కొడుతుంటే ఇబ్బందే, అయినా అక్కడే నిలబడండి. వాతావరణం యాప్‌లో ముందు రోజు రాత్రే గాలి దిశ చూసి, ఏ పార్కుకు వెళ్లాలో తేల్చుకోండి. మెరుపులు ఉన్నాయంటే మాత్రం ఆ రోజుకు మానుకోండి.

2. సామాను: ఐదు లూర్లు చాలు

రాడ్: 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ స్పిన్నింగ్ రాడ్. రీల్: 2500 లేదా 3000 సైజు. బెయిట్‌కాస్టర్ (రాడ్ పైన బిగించే ఇంకో రకం రీల్) జోలికి మొదటి సీజన్‌లో వెళ్లకండి. దారం చిక్కు విప్పుకోవడంలోనే పొద్దు గడిచిపోతుంది.

లైన్ (గాలం దారం): 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర 6 అడుగుల 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (లూర్ ముందు కట్టే, నీళ్లలో అంతగా కనిపించని దారం ముక్క). రెండు లైన్లు కలిపే ముడి ఇంకా రాకపోతే 10 పౌండ్ల మామూలు మోనో (ఒంటి పోగు నైలాన్) లైన్ వేసుకోండి, పని నడుస్తుంది.

లూర్లు:

- 5 అంగుళాల స్టిక్ వార్మ్ (వానపాములాంటి మెత్తటి ప్లాస్టిక్ ఎర), గ్రీన్ పంప్‌కిన్ రంగు. ఒక్కటే కొనాలంటే ఇది.
- 7 అంగుళాల రిబ్బన్ తోక వార్మ్, నలుపు నీలం కలిసిన రంగు.
- 3/8 ఔన్సుల తెల్ల స్పిన్నర్‌బైట్ (గిరగిరా తిరిగే రేకు ఉన్న ఎర).
- 1/2 ఔన్స్ లిప్‌లెస్ క్రాంక్‌బైట్ (చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎర), షాడ్ రంగు.
- లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప.

వీటితో పాటు 3/0, 4/0 ఆఫ్‌సెట్ హుక్స్, 3/16 నుంచి 3/8 ఔన్సుల బుల్లెట్ బరువులు.

బ్యాగు చెక్‌లిస్ట్:

☐ పొడుగు ముక్కు పటకారు, తీగ కత్తిరించే కట్టర్
☐ పోలరైజ్డ్ కళ్లద్దాలు (ఇవి లేకుండా సగం ఒడ్డు మీకు కనిపించదు)
☐ కొలబద్ద
☐ దారానికి కట్టిన చిన్న నీటి థర్మామీటర్
☐ కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు. గట్ల మీద ఫైర్ యాంట్స్ ఉంటాయి, గడ్డిలో విషమున్న కాటన్‌మౌత్ పాములుంటాయి
☐ తాగే నీళ్లు, టోపీ
☐ తెగిన లైన్ వేసుకోవడానికి చిన్న కవరు

3. ముడి, టెక్సాస్ రిగ్ (గడ్డిలో తగులుకోకుండా వార్మ్‌ను హుక్‌కు ఎక్కించే పద్ధతి)

3.1 పాలొమార్ ముడి

1. లైన్‌ను 6 అంగుళాల మేర రెండు పేటలు చేసి, ఆ మడతను హుక్ కన్నులోంచి దూర్చండి.
2. రెండు పేటలతోనే వదులుగా ఒక మామూలు ముడి వేయండి. బిగించకండి.
3. మడత ఉంగరంలోంచి హుక్‌ను మొత్తం దాటించండి.
4. ఉమ్మితో గానీ నీళ్లతో గానీ తడిపి, రెండు పేటలూ పట్టి మెల్లగా బిగించండి.

పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి లైన్ బలహీనపడుతుంది. పెద్ద చేప తెంపుకుపోయే కారణాల్లో ఇదొకటి.

3.2 టెక్సాస్ రిగ్

1. బుల్లెట్ బరువును సన్నటి కొన రాడ్ వైపు ఉండేలా లైన్‌లోకి ఎక్కించి, తర్వాత హుక్ కట్టండి.
2. వార్మ్ తలలోకి హుక్ మొనను అర సెంటీమీటర్ గుచ్చి, పక్క నుంచి బయటికి తీయండి.
3. వార్మ్‌ను హుక్ కన్ను దాకా జరిపి, హుక్‌ను సగం తిప్పండి.
4. హుక్‌ను వార్మ్ పక్కన ఆనించి, వంపు ఎక్కడికి వస్తుందో చూసుకోండి. సరిగ్గా అక్కడే మొన గుచ్చి అవతలికి తీయండి.
5. మొనను వార్మ్ పైచర్మంలో కొద్దిగా దాచండి. ఇక గడ్డిలోకి, కొమ్మల్లోకి విసిరినా సులువుగా తగులుకోదు.

వార్మ్ తిన్నగా వేలాడాలి. కాస్త వంకర ఉన్నా నీళ్లలో గిరగిరా తిరిగి లైన్‌ను మెలిపెడుతుంది. తిన్నగా లేకపోతే తీసి మళ్లీ గుచ్చండి.

4. ఒడ్డుకు చేరాక మొదటి పది నిమిషాలు

రాడ్ కింద పెట్టి చూడండి. ఈ పది నిమిషాలు ఓపిక పట్టినవాళ్లకే తర్వాత రెండు గంటలు మిగులుతాయి.

బాస్ పొంచి ఉండి పట్టే చేప. మన చెరువుల్లో కొర్రమీను తుంగ పక్కన, నాచు కింద కదలకుండా ఉండి కప్ప రాగానే ఎలా ఎగబడుతుందో, ఇదీ దాదాపు అంతే. కాబట్టి వెతకాల్సింది చేపను కాదు, అది దాక్కునే చోటును, దాని తిండిని.

☐ కొంగలు ఎక్కడ నిలబడ్డాయి? అక్కడ చిన్న చేపలున్నాయి.
☐ నీటి మీద వాన చినుకుల్లా చిన్న చిన్న వలయాలు లేస్తున్నాయా? అది షాడ్ గుంపు.
☐ నీడ ఎక్కడుంది? ఎండ పెరిగే కొద్దీ ఎటు జరుగుతుంది?
☐ మారేచోట్లు ఏవి? రాళ్లు అయిపోయి మట్టి మొదలయ్యేచోటు, గడ్డి అంచు, తూము నోరు, కాలువ కలిసేచోటు.
☐ నీటి వేడి ఎంత?
☐ నీళ్ల తేట ఎంత? తెల్ల లూర్‌ను కాళ్ల దగ్గర మెల్లగా దించండి. ఒక అడుగు లోపే కనిపించకుండా పోతే బురద నీళ్లు. మూడు నాలుగు అడుగుల దాకా కనిపిస్తే తేట నీళ్లు.

తేట చూశాక రంగు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. తేట నీళ్లలో ఆకుపచ్చ, గోధుమ లాంటి సహజ రంగులు. బురద నీళ్లలో నలుపు నీలం, దాంతో పాటు చప్పుడు చేసేవి, నీటిని కదిలించేవి.

5. ఎటు విసరాలి

ఒడ్డున నిలబడ్డవాళ్లు ఎక్కువమంది లేక్ మధ్యకు, చేతనైనంత దూరం విసురుతారు. పడవలో ఉన్నవాళ్లేమో ఒడ్డు వైపు విసురుతారు. పడవవాళ్లకు ఒడ్డు ఎందుకు కావాలో ఆలోచిస్తే మీ చేతిలో ఉన్న వీలు అర్థమవుతుంది.

5.1 ఒడ్డు వెంబడి విసరండి

లూర్‌ను ఒడ్డుకు ఎదురుగా కాకుండా, ఒడ్డు వెంబడి, అంచు నుంచి మూడు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో పడేలా విసరండి. మధ్యకు విసిరితే మీ లూర్ సరైన లోతులో ఉండేది చివరి కొద్ది అడుగులే. ఒడ్డు వెంబడి లాగితే మొదటి నుంచి చివరి దాకా ఒకే లోతులో, చేప ఉండే అంచు మీదుగా వస్తుంది. ఒడ్డు నుంచి పట్టేవాళ్లు ఈ ఒక్క మార్పు చేసుకుంటే చాలు, తేడా ఆ రోజే తెలుస్తుంది.

డ్యామ్ గట్టు కోసుకుపోకుండా పరిచిన రాళ్ల (రివెట్‌మెంట్) దగ్గర ఇది మరీ బాగా పనిచేస్తుంది. గట్టు మీదికి మనుషులను అనుమతించే చోట్ల మాత్రమే వెళ్లండి. కొన్ని గట్ల మీద నడవనివ్వరు.

5.2 వరుస ఇది

1. నీటి అంచుకు పది అడుగుల వెనకే ఆగండి. మీ నీడ నీళ్ల మీద పడకూడదు.
2. మొదటి విసురు మీ కాళ్ల ముందున్న నీళ్లలోకే. పొద్దున్నే బాస్ అక్కడే ఉండొచ్చు. నేరుగా అంచుకు నడిచి వెళ్లేవాళ్లు దాన్ని బెదరగొట్టి పంపేస్తారు.
3. తర్వాత ఎడమ ఒడ్డు వెంబడి, ఆ తర్వాత కుడి ఒడ్డు వెంబడి.
4. ఆపైన మెల్లగా కోణం పెంచుకుంటూ లోతు వైపు.
5. మొద్దు గానీ, పొద గానీ కనిపిస్తే దాని మీదికి కాదు, దానికి నాలుగైదు అడుగుల అవతలికి విసిరి, దాని పక్కగా లాక్కురండి. నీడ ఉన్న వైపు ముందు.

5.3 కొరికినట్టు ఎలా తెలుస్తుంది

వార్మ్‌తో సాధారణంగా పెద్ద లాగుడు ఉండదు. "టక్" మని ఒక చిన్న తాకిడి, లేదా లైన్ పక్కకు జరగడం, లేదా బరువు అడుగుకు చేరకముందే లైన్ వదులవడం. లైన్ మీద నుంచి చూపు తీయకండి.

తగిలిందనిపిస్తే వదులుగా ఉన్న లైన్ చుట్టి, అప్పుడు గట్టిగా రాడ్ పైకి లాగండి. మూడు కొనల హుక్స్ ఉన్న క్రాంక్‌బైట్‌కు ఆ కుదుపు వద్దు, చుడుతూ రాడ్ పక్కకు వంచితే చాలు. కప్పను బాస్ మింగినప్పుడు నీళ్లు ఎగిసిపడతాయి. ఆ చప్పుడుకు లాగేస్తే కప్ప ఒక్కటే వెనక్కి వస్తుంది. చేప బరువు చేతికి తెలిసిన తర్వాతే లాగండి.

6. పడకపోతే ఏం మార్చాలి

పడనప్పుడు టెన్షన్ పడి ఒకేసారి లూర్, రంగు, చోటు అన్నీ మార్చేస్తే, తర్వాత పడినా ఎందుకు పడిందో తెలియదు. ఒకసారి ఒక్కటే మార్చండి. ఈ వరుసలో:

1. లోతు. రెండు అడుగుల్లో పడకపోతే ఐదు, ఆపైన పది.
2. వేగం. చాలామంది సగం నెమ్మది చేస్తే సరిపోతుంది. వార్మ్‌ను రీల్‌తో కాదు, రాడ్‌తో జరపాలి. ఒక అడుగు జరిపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ జరపండి.
3. సైజు. 7 అంగుళాలది తీసి 4 అంగుళాలది.
4. రంగు.

ఒక్కో చోట 15, 20 నిమిషాలు. అప్పటికీ ఒక్క తాకిడి కూడా లేకపోతే నడవండి. 200 గజాలు నడిచి కొత్త నీళ్లు చూడటం, అక్కడే నిలబడి ఆరో లూర్ కట్టడం కన్నా చాలా మేలు.

6.1 చలిగాలి దిగిన మర్నాడు

ఉత్తరపు చలిగాలి దిగాక ఆకాశం నీలంగా, ఒక్క మబ్బు లేకుండా ఉంటుంది. మనకు చూడటానికి హాయిగా ఉండే రోజు, బాస్‌కు నోరు మెదపని రోజు. పొదలోపలికి, మొద్దు కిందకి నక్కి ఉంటుంది, తిండి వెంట పరుగెత్తదు. అలాంటి రోజు స్పిన్నర్‌బైట్ పెట్టేసి, చిన్న వార్మ్‌ను సరిగ్గా మొద్దు ఒళ్లోకి వేసి, అర నిమిషం కదపకుండా వదిలేయండి. కుదిరితే చలిగాలి రావడానికి ముందు రోజు సాయంత్రమే వెళ్లడం అన్నిటికన్నా తెలివైన పని. ఆ సాయంత్రం బాస్ బాగా తింటుంది.

6.2 గడ్డిలో లూర్ తగులుకుంటే

చాలామంది గడ్డికి దూరంగా జరుగుతారు. జరగొద్దు. లిప్‌లెస్ క్రాంక్‌బైట్ గడ్డి కొసలకు తగులుకున్నప్పుడు మెల్లగా పీకకండి, రాడ్‌ను ఒక్కసారి విదిలించండి. లూర్ గడ్డిలోంచి విడిపోయి ఎగిరినప్పుడు బెదిరి పారిపోతున్న షాడ్‌లా ఉంటుంది. పక్కనే ఉన్న బాస్ ఆలోచించకుండా కొరుకుతుంది. 2010లో అలబామాలోని లే లేక్ మీద కెవిన్ వాన్‌డామ్ బాస్‌మాస్టర్ క్లాసిక్ (బాస్ పట్టే పెద్ద పోటీ) గెలిచింది లిప్‌లెస్ క్రాంక్‌బైట్‌తోనే, బీస్‌వాక్స్ క్రీక్‌లో గడ్డి ఉన్న చోటే.

7. ఒకటి పడ్డాక

సెల్ఫీ తీసుకుని, ఇంకా పెద్దది దొరుకుతుందని ఇంకో చోటికి వెళ్లిపోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పడిన ఒక్క చేప ఆ రోజంతటికీ సమాచారం.

☐ ఎంత లోతులో కొరికింది?
☐ నీడలోనా, ఎండలోనా?
☐ రాయి, మొద్దు, గడ్డి, వీటిలో దేని పక్కన?
☐ లూర్ కిందికి దిగుతున్నప్పుడా, లాగుతున్నప్పుడా, ఆగినప్పుడా?
☐ హుక్ పెదవి అంచున దిగిందా, నోటి లోపలా? అంచున ఉంటే చేప సగం మనసుతోనే కొరికింది. వేగం గానీ సైజు గానీ తగ్గించి చూడండి. లోపల ఉంటే ఏమీ మార్చకండి.
☐ గొంతులో ఏమైనా కనిపిస్తోందా? ఎర్రటి మీసాలు, గోళ్లు ఉంటే క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) తింటోంది, లూర్‌ను అడుగున జరపాలి. వెండి రంగు తోక ఉంటే షాడ్ తింటోంది, తెల్ల లూర్‌ను మధ్య నీళ్లలో లాగాలి.

చేపను వదిలాక సరిగ్గా అదే కోణంలో ఇంకో ఐదుసార్లు విసరండి. వేసవిలో, శీతాకాలంలో బాస్ గుంపులుగా ఉంటుంది. ఆ తర్వాత ఆ చోటును వదిలి, అలాంటి చోటునే లేక్‌లో ఇంకెక్కడైనా వెతకండి. తూము పక్క రాళ్ల నీడలో పడితే, ఇంకో తూము, ఇంకో రాళ్ల నీడ.

ఇంకొక ఉపాయం. రెండో రాడ్‌కు బరువు లేని స్టిక్ వార్మ్ కట్టి పక్కన సిద్ధంగా పెట్టుకోండి. పైన తేలే కప్పను బాస్ ఎగిరి కొట్టి తప్పిపోతే, మళ్లీ కప్పనే విసరకండి. వెంటనే రెండో రాడ్ తీసి, నీళ్లు ఇంకా కదులుతుండగానే వార్మ్‌ను అక్కడే పడేయండి. అది దిగుతుండగానే చాలాసార్లు కొరుకుతుంది.

8. నెలలను బట్టి ఎక్కడ మొదలుపెట్టాలి

ఫిబ్రవరి, మార్చి: నీళ్లు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతున్నాయంటే బాస్ లోతు నుంచి ఒడ్డు వైపు బయల్దేరుతుంది. ఎండ పడే ఉత్తరపు ఒడ్డు ముందు వేడెక్కుతుంది. మధ్యాహ్నం వెళ్లడమే మేలు. లిప్‌లెస్, స్పిన్నర్‌బైట్. పెద్ద చేప కావాలంటే ఏడాదిలో ఇదే అదను.

మార్చి చివర నుంచి మే వరకు: 60 దాటాక గుడ్లు పెడుతుంది. ఈ రోజుల్లో మాత్రం లోతు తక్కువ ఉన్న, గాలి కొట్టని మూలలు చూడండి. గూడు మీద ఉన్న చేపను పట్టినా అక్కడే, వెంటనే వదిలేయండి. అది లేకపోతే బ్లూగిల్ చేపలు గుడ్లు తినేస్తాయి.

జూన్ నుంచి సెప్టెంబర్: తెల్లవారుజామున వెళ్లండి, ఎండెక్కే లోపు వచ్చేయండి, లేదా రాత్రి వెళ్లండి. కప్ప, స్టిక్ వార్మ్. ఎండలో ఒడ్డు నుంచి చేయగలిగింది తక్కువ.

అక్టోబర్, నవంబర్: షాడ్ గుంపులు వాగుల చివరలకు వెళతాయి, బాస్ వెంటాడుతుంది. ఎక్కువ నడవండి, వేగంగా లాగండి.

డిసెంబర్, జనవరి: నిటారుగా దిగే ఒడ్డు, డ్యామ్ రాళ్లు, చిన్న వార్మ్, బాగా నెమ్మది.

9. డబ్బు, లూర్లు మిగిల్చే ఉపాయాలు

- బుల్లెట్ బరువు రంధ్రంలో పుల్ల ముక్క దూర్చి విరిచేస్తే, బరువు వార్మ్ తలకు అంటుకుని ఉంటుంది. దట్టమైన గడ్డిలోకి రెండూ కలిసే దిగుతాయి.
- స్టిక్ వార్మ్ నడుముకు చిన్న రబ్బరు ఓ రింగ్ తొడిగి, హుక్‌ను దాని కింద గుచ్చండి. నేరుగా వార్మ్‌లో గుచ్చితే రెండు చేపలకే తెగిపోతుంది.
- తల చిరిగిన వార్మ్‌ను పారేయకండి. రెండున్నర అంగుళాల ముక్క కోసి, చిన్న పుట్టగొడుగు తల జిగ్‌కు (తలలో బరువున్న హుక్) ఎక్కిస్తే నెడ్ రిగ్ అవుతుంది. చలిగాలి మర్నాడు దీన్ని మించింది లేదు.
- రాడ్ పిడి చివర నుంచి 14 అంగుళాల దగ్గర ఎర్ర టేప్ చుట్టండి. కొలబద్ద మర్చిపోయినా చిన్నదో కాదో వెంటనే తెలుస్తుంది.
- ఎలాజ్‌టెక్ అని రాసి ఉన్న సాగే రకం వార్మ్‌లను మామూలు ప్లాస్టిక్ వాటితో ఒకే పెట్టెలో ఉంచకండి. రెండూ కరిగి ముద్దైపోతాయి.

10. సాధారణ తప్పులు, వాటికి సవరణ

లైన్ తెగి చేప పోతోంది: ప్రతి చేప తర్వాత చివరి రెండు అడుగులు వేళ్ల మధ్య జరిపి చూడండి. గరుకు తగిలితే కోసి మళ్లీ ముడి వేయండి. రీల్ డ్రాగ్‌ను (చేప లాగినప్పుడు లైన్ వదిలే బిగింపు), లైన్‌ను చేత్తో లాగితే కాస్త బలం మీద కదిలేలా ఉంచండి.

చేప గాల్లోకి ఎగిరి హుక్ వదిలించుకుంటోంది: లైన్ పైకి లేస్తోందంటే ఎగరబోతోంది. రాడ్ కొన నీళ్ల వైపు దించి, చుట్టడం ఆపకండి.

ప్రతిసారీ రాళ్లలో ఇరుక్కుంటోంది: బరువు తగ్గించండి. 3/8 నుంచి 3/16కు రండి. ఇరుక్కుంటే గుంజకండి, ఒడ్డు వెంట అవతలి వైపుకు నడిచి వెనక నుంచి లాగండి.

చిన్నవే పడుతున్నాయి: అదే చోట ఇంకాస్త లోతుకు వేయండి, పెద్ద వార్మ్ కట్టండి.

11. చేపను పట్టుకోవడం, వదలడం

చేతులు తడుపుకుని పట్టుకోండి. పొడి చేతులకు, వేడి రాళ్లకు దాని ఒంటి జిగట ఊడిపోతుంది, తర్వాత జబ్బు పడుతుంది. కింది దవడ బొటనవేలితో పట్టి నిలువుగా ఉంచండి. రెండు మూడు పౌండ్లు దాటితే రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. దవడ ఒక్కటే పట్టి అడ్డంగా వంచితే అది విరిగి, చేప తర్వాత తినలేక చచ్చిపోతుంది.

కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెక్క రెండు కొసలూ దగ్గరకు నొక్కి కొలవాలి. ఫోటోకు ముందు ఫోన్ సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే చేపను నీళ్లలోంచి తీయండి. మీరు ఊపిరి బిగబట్టగలిగినంత సేపటికి మించి బయట ఉంచకండి.

హుక్ గొంతులోకి వెళ్లిపోతే బలవంతంగా పీకకండి. లైన్‌ను దగ్గరగా కోసి వదిలేస్తే బతికే అవకాశం ఎక్కువ.

పులుసు కోసమైతే నా మాట వినండి: క్యాట్‌ఫిష్, క్రాపీ పట్టుకోండి. రుచి వాటికే బాగుంటుంది. పెద్ద బాస్‌ను వదిలేస్తే మళ్లీ గుడ్లు పెడుతుంది, ఇంకొకరి గాలానికీ పడుతుంది. బాస్‌నే ఉంచుకోవాలనుకుంటే పరిమితి లోపల ఉంచుకోవచ్చు, ఆ లేక్ చేపలు తినడంపై ఆరోగ్య శాఖ హెచ్చరిక ఏమైనా ఉందేమో చూసుకోండి.

12. ఇంటికొచ్చాక ఐదు నిమిషాలు

కయాక్ వాడితే లేక్ దగ్గరే నీళ్లన్నీ ఒంపేయాలి. టెక్సాస్‌లో ఇది చట్టం. లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లాంటి లేకుల్లో జీబ్రా మస్సెల్స్ (లేకులకు చెరుపు చేసే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి. వాటి పిల్లలు కంటికి కనిపించవు, ఒక బకెట్ నీళ్లతో ఇంకో లేక్‌కు పాకిపోతాయి. బూట్లు, వల కూడా బాగా ఆరబెట్టండి.

ఆ తర్వాత ఫోన్ నోట్స్‌లో ఒక పేజీ రాయండి. పడని రోజు కూడా రాయండి, ఏ చోటు ఏ గాలికి పనికిరాదో తెలిసేది అప్పుడే.

☐ తేదీ, వేళ, లేక్, ఆ రోజు మట్టం
☐ నీటి వేడి, తేట
☐ గాలి దిశ, చలిగాలి దిగి ఎన్ని రోజులైంది
☐ ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన కొరికింది
☐ లూర్, లాగిన వేగం
☐ ఒక్క తాకిడి కూడా లేని చోట్లు